తోడు

ఈ ఊళ్ళో ఒక సదుపాయం ఉంది.
మిరపయార్డులో కాటా పక్కన నిలబడి
కళ్ళు తుడుచుకునే మనిషిని
ఎందుకని ఎవరూ అడగరు.

దయామణి పోయిన పదకొండో రోజు పనిలోకెళ్ళాను.
టిక్కీ నలభై రెండు, తరుగు పోను నలభై ఒకటి,
టిక్కీ నలభై మూడు, తరుగు పోను...
గుమాస్తా చెయ్యి అలవాటుగా రాసుకుపోతుంది,
ఆ ఒక్క మాట దగ్గర పెన్ను ఆగుతుంది.

ఆదరణ కూడికలో పాస్టరుగారు
కాలమే అన్నీ మాన్పుతుందన్నారు.
షామియానా వాళ్ళు కుర్చీలు లెక్కేసుకుని
రెండు తగ్గాయని గొడవపడ్డారు.
ఒకటి మా అమ్మ కింద ఉంది, ఆమె లేవలేదు.
రెండోది ఇప్పటికీ దొరకలేదు.

ఆ రాత్రి పాలు గిన్నెలో అట్లాగే ఉండిపోయాయి.
పద్దెనిమిదేళ్ళుగా ఇంట్లో పెరుగుంటుందని తెలుసు,
రోజూ ఎవరో తోడుపెడితేనే ఉంటుందని తెలీదు.
చైత్రమాసపు ఎండలు. తెల్లారేసరికి విరిగిపోయాయి.
చిన్నోడు అబ్నేరు గిన్నె వాసన చూసి
"అమ్మ ఉంటే" అనబోయి, నా మొహం చూసి
"పర్లేదు నాన్నా, పచ్చడన్నం తింటాలే" అన్నాడు.
పదేళ్ళవాడు.
వాడు నన్ను ఓదారుస్తుంటే నాకు సిగ్గేసింది.

గ్లాసు పట్టుకుని
పక్కింటి ఖైరున్నీసా గుమ్మంలో నిలబడ్డాను.
రెండు చెంచాలు వేసిచ్చి చెప్పింది:
"గోరువెచ్చగా ఉన్నప్పుడే కలపాలన్నా,
వేడి మీద వేస్తే తోడు చచ్చిపోద్ది,"
అని తనే నాలుక కరుచుకుని,
"వేలు పెట్టి చూడు, వేలు ఓర్చుకుంటే చాలు."
మొదటిరోజు వేలు కాలింది.
రెండోరోజు నీళ్ళు నీళ్ళుగా వచ్చింది,
అమ్మతో సహా అందరూ మాట్లాడకుండా పోసుకుని తిన్నారు.

మా అమ్మ పేరు సంతోషమ్మ.
కోడలితో మాట పడకుండా, మాట అనకుండా
ఒక్క పూట గడిచిందో లేదో నాకు గుర్తులేదు.
ఇప్పుడు ఆ కుట్టుమిషను మీద దుమ్ము వాలనివ్వదు.
ఒక మధ్యాహ్నం ఉల్లిపాయలు తరుగుతూ అంది:
"దాన్ని నేను బాగా చూళ్ళేదురా."
కన్నీళ్ళని ఉల్లిపాయల మీదికి నెట్టలేదు.
ఆమెకి డెబ్భై రెండు.

ఇంటర్ చదివే కెజియా
వాళ్ళమ్మ కొలతల పుస్తకం తెరిచింది.
'మూడొంతెనల టీచరమ్మ. చేతులు పొడుగు.
ఎడమవైపు మెత్త పెట్టాలి. ఎందుకని అడక్కూడదు.'
ఆ కాయితం మీద చెయ్యి పెట్టుకుని
పిల్ల చాలాసేపు కూర్చుంది.
సగంలో ఆగిన జాకెట్లు తొమ్మిది.
ఎనిమిది కుట్టిచ్చింది. ఒకటి పాడైంది.
ఆ పాడైంది టీచరమ్మదే.
ఆవిడ దాన్నే తొడుక్కుని బడికెళ్ళింది.

ఇక నా సంగతి.
నేనేం మారలేదనుకుంటా.
పెద్దాస్పత్రి మెట్ల మీద కోపం పోలేదు,
ఆటో దొరకని ఆ రాత్రి మీద పోలేదు,
"గుండెల్లో మంటగా ఉందండీ" అని ఆమె అంటే
"మజ్జిగ తాగి పడుకో" అన్న మనిషి మీద
అసలే పోలేదు.
ఆ మనిషిని ఏడు నెలలు దాచాను,
పాస్టరుగారికి కూడా చూపించలేదు.

మొన్న ఆదివారం పిల్లలకి చెప్పేశాను.
అబ్నేరు నా చొక్కా అంచు పట్టుకున్నాడు.
కెజియా లేచి వెళ్ళిపోయింది.
రెండు రోజులు నాతో మాట్లాడలేదు,
అడగను కూడా అడగలేదు నేను.

మూడోరోజు రాత్రి వంటింట్లోకొచ్చి
నా పక్కన నిలబడింది.
గిన్నెలో వేలు పెట్టి చూసి
"ఇంకొంచెం ఆగు" అంది.

ఆగాం.